పిడత అంచున ఉప్పు

పంపర పనస ఒలుస్తుంటే ఒక వాసన లేస్తుంది. నిమ్మలా పదునుగా ఉండదు, కమలాపండులా తియ్యగానూ ఉండదు. వాన వెలిసిన కాసేపటికి కొబ్బరితోటలో నిలబడితే ఒంటికి తగిలే చల్లదనానికి వాసనంటూ ఉంటే అలా ఉంటుంది. ఆ ఉదయం ఇసకలపాలెంలో తన ఇంటి పెరట్లో, నీడలు నెమ్మదిగా జరుగుతున్న చోట పీట వేసుకుని, ఢిల్లేశ్వరరావు కాయను మోకాళ్ళ మధ్య పెట్టుకుని లోపలి తెల్లపొరను ఓపికగా తీస్తున్నాడు. ఆ పొర ఒక్క పిసరు రసంలో పడినా చేదెక్కుతుంది. ఈ రోజు చేదు పనికిరాదు. ఈ రోజు పెళ్ళిచూపులు.

సరిగ్గా చెప్పాలంటే, అతను పని చేస్తుంటే చూడడానికి అమ్మాయి తరఫువాళ్ళు వస్తున్నారు.

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక హోటల్లో ఢిల్లేశ్వరరావు బార్ కౌంటర్ వెనక నిలబడి కాక్‌టెయిల్స్ కలుపుతాడు. ఉద్దానం కుర్రాళ్ళు చాలామందిలాగే అతనూ మీసాలు సరిగ్గా రాని వయసులో పలాసలో రైలెక్కి గోవా వెళ్ళాడు. అక్కడ గ్లాసులు కడిగేవాడు. కడిగిన ప్రతి గ్లాసునూ దీపానికి అడ్డంగా పట్టి మరక ఉందేమో చూసుకునే అతని అలవాటుకు ముచ్చటపడి, ముసలి బార్‌మన్ ఒకాయన కౌంటర్ వెనక్కి పిలిచాడు. ఏ రసం ముందు, ఏది వెనక, ఐసు ఎప్పుడు వెయ్యాలి, ఎప్పుడు కదపడం ఆపాలి, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. సాయంకాలం ఆకాశంలో కనిపించే రంగులన్నీ ఏదో ఒక రోజు అతని గ్లాసుల్లో ఉన్నవే. తాను మాత్రం తాగడు. కలిపినదాంట్లో స్ట్రా ముంచి, పైకొసను వేలితో మూసి, లోపల నిలిచిన బొట్టును నాలుక మీద వేసుకుంటాడు. రుచి తెలియగానే ముందున్న మనిషి వైపు చూస్తాడు. అతని తాగుడు అక్కడితో సరి.

ఆ సంగతి ఎవరూ నమ్మరు. నలభై దగ్గర పడుతున్నా పెళ్ళి కాకపోవడానికి కారణం అదే. తల్లి రాజులమ్మ ప్రతి సంబంధానికీ "మావోడు ఇసాపట్నంలో హోటలు సూపర్‌వైజరు" అని చెప్పేది. వాళ్ళు ఆరా తీసేవాళ్ళు. "మందు పోసేవోడికి మా ఆడగుంటనెలాగిత్తామమ్మా" అని కబురొచ్చేది. రాజులమ్మ రెండు రోజులు ముక్కు చీదుకుని, మూడో నాడు ఇంకో సంబంధం వెతికేది. ఢిల్లేశ్వరరావుకు మాత్రం తన బతుకు మీద పెద్ద ఫిర్యాదేమీ లేదు. చెయ్యి ఎరిగిన పని ఉంది. ఇంటికొచ్చే రైలు ఉంది. ఆ రైలు నౌపడ దాటుతున్నప్పుడు కిటికీలోంచి ఉప్పుమళ్ళు కనిపిస్తాయి. ఎవరో ఆకాశాన్ని గళ్ళుగళ్ళుగా కోసి నేల మీద ఆరేసినట్టు ఉంటాయి. వాటిని చూడడానికని ఎప్పుడూ కుడివైపు కూర్చుంటాడు. అంతా బాగానే ఉండేది. కుసుమను చూసేదాకా.

కుసుమకు సోంపేట బజార్లో బట్టలు కుట్టే దుకాణం ఉంది. బార్‌లో వేసుకునే చేతుల్లేని నల్లకోటు నడుము దగ్గర బిగుసుకుపోతే, వదులు చేయించుకుందామని అతను ఆ మెట్లెక్కాడు. ఆమె కోటును అటూ ఇటూ తిప్పి చూసింది.

"బేండుమేళమా?"

"కాదండి. బార్‌లో పని. మందు కలుపుతాను."

ఎందుకలా ఉన్నదున్నట్టు చెప్పేశాడో అతనికే తెలియలేదు. ఆమె పళ్ళ మధ్య ఉన్న దారం తెంపి, కళ్ళెత్తి చూసింది.

"తాగిత్తారా, తాగుతారా?"

"తాగిత్తానండి. తాగను."

"మంచిదే. నాను ఊరందరికీ పెళ్ళి జాకెట్లు కుడతాను. నాకు మాత్రం పెళ్ళి నేదు" అని నవ్వి, టేపు మెడలో వేసుకుంది.

ఆ కోటు తొడుక్కుంటే విప్పిన కుట్టు ఎక్కడో, వేసిన కుట్టు ఎక్కడో కనిపించలేదు. తర్వాతిసారి ఇంటికొచ్చేటప్పుడు అతను రైల్లో కూర్చుని తన కోటు బొత్తాం తానే పీకేసుకుని, మళ్ళీ ఆ మెట్లెక్కాడు. తెగిన దారపు కొసలు చూసిన కుసుమకు అది ఊడింది కాదని తెలిసిపోయింది. బొత్తాం ఇక పీకలేనంత గట్టిగా కుట్టి ఇచ్చింది.

ఆపైన రాజులమ్మ కబురు పంపింది. ఈసారి సూపర్‌వైజరు అని చెప్పొద్దని కొడుకు ముందే ఒట్టు వేయించుకున్నాడు. కుసుమకు తల్లీతండ్రీ లేరు. పెంచింది చిన్నాన్న సన్యాసిరావు, పిన్ని కామేశ్వరమ్మ. వాళ్ళ జవాబు రాలేదు. కుసుమ జవాబే వచ్చింది. నన్ను చూడడానికి వచ్చినవాళ్ళందరినీ నేను మిషను మీద కూర్చున్నప్పుడే రమ్మన్నాను, ఆయన పని కూడా నేను అలాగే చూడాలి, కాఫీ పళ్ళెం పట్టుకుని నేను రాను, ఆయనే ఏదో ఒకటి కలిపి ఇవ్వాలి. అదీ జవాబు.

రాజులమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "పెళ్ళిసూపుల్లో మందు బాటిలేట్రా! ఊరు నవ్వుతాది. నీకు దండం పెడతాను, నిమ్మకాయ సోడా కలిపి ఊరుకో."

"నిమ్మకాయ సోడా కలిపితే సోడాబండోడిని సూసినట్టవుతాది గానీ నన్ను సూసినట్టెలాగవుతాదే అమ్మా? ఇన్నేళ్ళూ దాసిపెట్టి సూశాం. ఒకపాలి దాయకుండా సూద్దాం."

పైకి అంత ధీమాగా అన్నాడు గానీ, ఈ ఒక్క సంబంధం తప్పిపోతే మళ్ళీ రైలెక్కి కుడివైపు కూర్చుని ఉప్పుమళ్ళు చూడగలనా అని అతనికి లోపల బెంగగానే ఉంది.

ఏం కలపాలా అని వారం రోజులు ఆలోచించాడు. చివరికి ముసలి బార్‌మన్ నేర్పిన మెక్సికో పానీయం గుర్తొచ్చింది. అక్కడి పల్లెల్లో తిరనాళ్ళప్పుడు, రోడ్డు పక్కన, చిన్న మట్టిపిడతల్లో కలిపి ఇస్తారట. నిమ్మ, నారింజ, మన పంపర పనసకు తోబుట్టువులాంటి ఇంకో పండు, ఈ మూడింటి రసం. దాంట్లో టెకీలా అనే మందు, పైన సోడా. పిడత అంచుకు ఉప్పు. ఆలోచించిన కొద్దీ అది ఎక్కడో సముద్రాల అవతలిదిలా తోచలేదు. పిడతలు కాశీబుగ్గ సంతలో దొరికాయి. గోళీసోడా అక్కడే. కమలాపళ్ళు, నిమ్మకాయలు సోంపేటలో. పంపర పనస పెరట్లోదే. నౌపడ ఉప్పు, పప్పుల డబ్బా పక్కన ఎప్పుడూ ఉండేదే. సీసా ఒక్కటే బయటినుంచి వచ్చింది, తన సంచీలో, రెండు చొక్కాల మధ్య.

ఎండ కొబ్బరాకుల చివర్లకు ఎక్కేసరికి ఆటో వచ్చింది. ముందు సన్యాసిరావు దిగాడు. పంచె సర్దుకుంటూనే పెరడు వైపు మెడ సాచాడు. ఆయన వెనక కామేశ్వరమ్మ, పెదవులు బిగించుకుని. ఆఖర్న కుసుమ. లేత పచ్చరంగు చీర. మెడలో టేపు లేకపోవడం ఢిల్లేశ్వరరావుకు ఏదో వెలితిగా అనిపించింది.

రాజులమ్మ జీడిపప్పు పకోడీ పళ్ళెం పెట్టి, గుమ్మం పట్టుకుని నిలబడింది. మిగతావాళ్ళు పెరట్లో వేసిన కుర్చీల్లో కూర్చున్నారు. అతను వాళ్ళ ముందు చాప మీద, పీట ముందు కూర్చున్నాడు. నల్లకోటు తొడుక్కున్నాడు. ఆ ఎండలో, ఆ చాప మీద, ఆ కోటుతో తాను ఎలా కనిపిస్తున్నాడో ఊహించుకుంటే అతనికే నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే సీసా తీసి పీట మీద పెట్టాడు.

"ఆ సీసాలో ఉన్నదేటి?" కామేశ్వరమ్మ అడిగింది.

"టెకీలా అంటారండి. మన కంచెలకేసే కిత్తనార లాటి మొక్కే. దాని దుంప కాల్చి, రసం తీసి, పులియబెట్టి దింపుతారు."

"కిత్తనారా! ముళ్ళ మొక్క! పసువులు కూడా మూతెట్టవు కదయ్యా."

"పసువులకేటి తెలుసే" అన్నాడు సన్యాసిరావు.

నీళ్ళ బకెట్లోంచి ఢిల్లేశ్వరరావు పిడతలు తీశాడు. రాత్రంతా నానినవి. ఎర్రగా, బరువుగా, అప్పుడే తడిసిన నేల వాసనతో ఉన్నాయి.

"నానబెట్టారెందుకు?" మొదటిసారి కుసుమ నోరు విప్పింది.

"పొడి పిడతలో పోత్తే పులుపంతా అదే తాగేత్తాదండి. దాని దాహం ముందు తీర్చేయాల."

"గుడ్డా అంతే. ముందు తడిపి ఆరెయ్యకుండా కుడితే, తరవాత కుంచించుకుపోయి నా పేరు సెడగొడతాది." ఆమె కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంది.

ఇక అతనికి ఆ పెరడు, గుమ్మంలో తల్లి, బిగించుకున్న కామేశ్వరమ్మ పెదవులు ఏవీ కనిపించలేదు. చేతుల కింద ఉన్నదే లోకం. పంపర పనస తొనలు చిదిపితే గులాబీరంగు రసం, తెల్లారగట్ల సముద్రం అంచులా, గిన్నెలో పరుచుకుంది. దాంట్లో కమలా రసం కలిస్తే పొద్దు పొడిచినట్టయింది. నిమ్మ రెండు చెక్కలు పిండాడు. స్ట్రా ముంచి, వేలితో మూసి, బొట్టు నాలుక మీద వేసుకుని, కాసేపు కళ్ళు మూసుకుని, ఇంకో చెక్క పిండాడు. నిమ్మతొక్కతో పిడత అంచు తడిపి, దంచిన ఉప్పు పరిచిన పళ్ళెంలో బోర్లించి, సున్నితంగా తిప్పి ఎత్తాడు. ఎర్రమట్టి అంచు చుట్టూ తెల్లటి గీత. ఐసు వేశాడు. రసం పోశాడు. మొదటి పిడతలో సీసా వంచి, గోళీ నొక్కి సోడా ఒంపాడు. బుడగలు పైకి వచ్చి, ఏదో చెప్పబోయి, మరచిపోయినట్టు పగిలిపోయాయి.

అది పీట మీద పెట్టాడో లేదో సన్యాసిరావు వంగి అందుకున్నాడు. ఒక గుక్క. తర్వాత ఆయన చూపు దూరంగా జీడితోటల మీదుగా వెళ్ళింది. "ఓలమ్మ! సల్లగా దిగి, ఎచ్చగా కూకుంటన్నాదే!"

"సిగ్గునేదు" అంది కామేశ్వరమ్మ.

రెండో పిడతలో సీసా వంచలేదు. రసం, సోడా, ఉప్పు అంచు అంతే. ఢిల్లేశ్వరరావు దాన్ని పట్టుకుని మోకాళ్ళ మీద లేచి, చెయ్యి చాచాడు. కుసుమ అందుకుంది. ఆమె వేళ్ళు అంచు మీద పడ్డాయి, అతని వేళ్ళూ అంచు మీదే ఉన్నాయి. మధ్యలో ఉప్పు గరగరలాడింది.

"ఓలప్పా!" కామేశ్వరమ్మ కేకకు కొబ్బరి చెట్టు మీది కాకి ఎగిరిపోయింది. "ఉప్పు సేతికిచ్చావేటయ్యా! తొలిసూపులోనే, ఆడపిల్ల సేతికి ఉప్పు!"

గుమ్మంలో రాజులమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఆ ఇంట్లోనే కాదు, ఆ ఊళ్ళో ఏ ఇంట్లోనూ ఉప్పు చేతినుంచి చేతికి ఇవ్వరు. ఇస్తే ఆ ఇద్దరికీ పడదు, తగువులొస్తాయి. కింద పెడతారు, కావలసినవాళ్ళు తీసుకుంటారు. అడుగులు నేర్చిన నాటినుంచి ఢిల్లేశ్వరరావుకూ అది తెలుసు. హోటల్లో ఎన్ని గ్లాసుల అంచుకు ఉప్పు పూశాడో, ఒక్కటీ ఎవరి చేతికీ ఇవ్వలేదు. కౌంటర్ మీద పెట్టి, మెల్లగా ముందుకు జరిపేవాడు. ఇన్నేళ్ళూ అడ్డంగా ఒక బల్ల ఉండి అతన్ని కాచింది. ఇక్కడ బల్ల లేదు. చాప ఉంది, ఎదురుగా ఆమె ఉంది, చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది.

"లెగండి, ఎలిపోదాం" కామేశ్వరమ్మ లేచి నిలబడింది. "మందు పోసేవోడన్నా సరే అనుకున్నాను. ఈ గుంట మాట కాదనలేక వచ్చాను. ఇది మాత్రం నా వల్ల కాదు. మా అప్ప పెళ్ళిలో బోజనాల బంతి మీద మా బావ దాని సేతికే ఉప్పిచ్చాడు. ఈ నాటికీ ఇద్దరికీ ఒక్క పూట పడదు."

"పడకపోతే ఏటైంది?" సన్యాసిరావు పిడత వదలకుండానే అన్నాడు. "ముగ్గురు పిల్లల్ని కన్నారు. మొన్న సోంపేట బజార్లో ఒకే గొడుగు కింద దెబ్బలాడుకుంటూ ఎల్తన్నారు. నాను సూశాను."

"నువ్వు మాటాడకు. నీ నోటికి కిత్తనార తగిలింది."

ఢిల్లేశ్వరరావు మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయాడు. తనను ఎన్నో సంబంధాలవాళ్ళు వద్దన్నారు గానీ, వాళ్ళు వద్దన్నది మందును. ఈ రోజు పోతే మాత్రం తన చెయ్యి చేసిన తప్పువల్ల పోతుంది. ఆ చేతిని తప్ప ఈ లోకంలో దేన్నీ అతను అంతగా నమ్ముకోలేదు. గుమ్మంలోంచి తల్లి ఏడుపు ఆపుకుంటున్న చప్పుడు వినిపించింది. తల ఎత్తలేకపోయాడు.

కుసుమ కుర్చీలోంచి లేచింది. పిడత వదల్లేదు. వచ్చి, చాప అంచున, పీటకు అవతల గొంతుక్కూర్చుంది. ఉప్పు పళ్ళెం వైపు చూసింది. బొటనవేలు, చూపుడువేలు కలిపి, సూదిలో దారం ఎక్కించేటప్పుడు పట్టుకున్నంత జాగ్రత్తగా, చిటికెడు ఉప్పు తీసింది.

"సెయ్యి సాపండి."

అతను చాపాడు. అరచేతిలో ఆ ఉప్పు పోసి, వేళ్ళు ఒక్కొక్కటే మూసింది.

"మీరు నాకిచ్చారు. నాను మీకిచ్చాను. సరికి సరి." పిన్ని వైపు తిరిగింది. "ఒక్కడే ఇత్తే తగువులో ఒక్కడిదే గెలుపు పిన్నీ. ఇప్పుడు దెబ్బలాటొత్తే ఇద్దరం సమానంగా దెబ్బలాడుకుంటాం. నోరు నాకు మాత్రం నేదా?"

"నీకు నోరు నేదన్నోడెవడే!" సన్యాసిరావు తొడ చరిచాడు.

కామేశ్వరమ్మ నిలబడే ఉంది. కుసుమ తాను కూతురిలా పెంచిన పిల్ల. ఎన్ని సంబంధాలొచ్చినా మిషను మీంచి లేవనిది. కాఫీ పళ్ళెం పట్టనన్నది. ఆ పిల్ల ఇవాళ ఎవరూ చెప్పకుండా తనంతట తానే లేచి, ఒక మనిషి ఎదురుగా నేల మీద కూర్చుంది. ఉప్పు సంగతి ఎలా ఉన్నా, ఆ లేవడం ఏమిటో కామేశ్వరమ్మకు తెలిసింది. మెల్లగా కుర్చీలో కూలబడి, పకోడీ ఒకటి తీసి నోట్లో వేసుకుంది.

"మీ ఇద్దరికీ నచ్చినాక మజ్జిలో నానెవత్తిని" అంది నములుతూ. "దెబ్బలాడుకుని నా ఇంటికి మాత్రం రాకండి."

"మా ఇంటికే వత్తారు వదినా, నాను సూసుకుంటాను" అంది రాజులమ్మ గుమ్మంలోంచి, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియని గొంతుతో.

కుసుమ పిడత ఎత్తింది. ఉప్పు అంచు పెదవికి తగిలింది, ఆ వెనక పులుపు, దాని వెనక ఎక్కడో పంపర పనస చల్లదనం. ఆమె కనుబొమలు ముడిపడి, విడిపోయాయి. ఢిల్లేశ్వరరావు కౌంటర్ వెనక ఎంతోమంది ముఖాలు చూశాడు గానీ, ఒక ముఖం కోసం ఇంతలా ఊపిరి బిగపట్టింది లేదు.

"ఎలాగుంది?"

"పులుపు సాలనేదు."

"మూడు చెక్కలు పిండానండి!"

"నాలుగు పిండాల."

"నాలుగు పిండితే పంపర పనస వాసన సచ్చిపోతాది."

"సావదు. పిండి సూడండి."

"అప్పుడే మొదలెట్టీసారు" అని సన్యాసిరావు ఖాళీ పిడత ముందుకు జరిపాడు. "మీ తగువు తేలేలోగా నాకింకోటి కలపయ్యా."

కామేశ్వరమ్మ ఆ పిడత లాక్కుని కుర్చీ కింద పెట్టేసుకుంది.

కుసుమ అక్కడే, నేల మీదే కూర్చుంది. ఇంకో గుక్క తాగి, గొంతు తగ్గించి, ధర నిక్కచ్చిగా చెప్పేసే దుకాణందారులా అంది. "నా మిషను సోంపేటలోనే ఉంటాది. దాన్ని మూయను."

"నా కౌంటరు ఇసాపట్నంలోనే ఉంటాది" అన్నాడతను. "దాన్ని దాయను."

"రైలుంది కదా."

"రైలుంది."

గాలి తిరిగింది. సముద్రం చప్పుడు తోట దాటి పెరట్లోకి వచ్చి, కాసేపు ఉండి, మళ్ళీ వెనక్కి పోయింది. పెద్దవాళ్ళు ముగ్గురూ మంచిరోజుల గురించి, బంతికి ఎవరెవరిని పిలవాలన్నదాని గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఢిల్లేశ్వరరావు ఎడమచెయ్యి ఇంకా మూసే ఉంది. లోపల ఉప్పు చెమటకు కరుగుతోంది. దాన్ని నేల మీద పారెయ్యకూడదు, తొక్కుతారు. ఇంకెవరి చేతికీ ఇవ్వకూడదు. ఏం చెయ్యాలో తెలియక ఆ గుప్పెట వైపే చూస్తూ కూర్చున్నాడు.

"మీకేదీ?" అంది కుసుమ.

అతను బకెట్లోంచి మూడో పిడత తీశాడు. నిమ్మ నాలుగో చెక్క కూడా పిండాడు, ఓడిపోయినవాడిలా కాకుండా, చూద్దామన్నట్టు. సీసా మూత బిగించి పక్కన పెట్టేశాడు. తర్వాత గుప్పెట విప్పి, అరచేతిలో తడిసి మిగిలిన ఆ కాస్త ఉప్పునూ, వేలితో తీసి, తన పిడత అంచు చుట్టూ నెమ్మదిగా రాసుకున్నాడు.